పర్వతయాత్రల ఛాయాచిత్రములు

పూర్వము కొండలకేగువారు దైవదర్శనమునకో, మూలికలకో, వర్తకమునకో యేగెడివారు. కొండను చూచుటయే ప్రయోజనముగా బయలుదేరుట భారతదేశమున పందొమ్మిదవ శతాబ్దియందు దొరల వేసవి విడుదులతో ప్రబలెను. ఆ యాత్రలకు ఛాయాచిత్రములు ముఖ్యసాక్ష్యములు. అయితే సాక్షి చెప్పిన మాటనే గాక, చెప్పక విడిచినదానిని గూడ విచారించుట చరిత్రకారుని ధర్మము.

1863లో ఈ దేశమునకు వచ్చిన శామ్యుయేల్ బోర్న్ అను ఆంగ్లేయుడు 1863, 1864, 1866 సంవత్సరములలో మూడు మారులు హిమాలయములకేగి చిత్రములు తీసెను. మూడవ యాత్రలో సుమారు 18,600 అడుగుల యెత్తుగా నాతడు పేర్కొన్న మనిరంగ్ కనుమను చేరెను. అప్పటి పద్ధతినిబట్టి గాజుపలకపై కొలోడియన్ అను ద్రవమును పూసి, వెండిలవణపు నీట ముంచి, తడియారక మునుపే చిత్రమును గ్రహించి, అచ్చటనే దానిని వ్యక్తపఱుపవలెను. కావున చీకటిగుడారము, గాజుపలకలు, మందుసీసాలు వెంట పోవలసినదే. అందులకు మూడవ యాత్రలో సుమారెనుబదిమంది కూలీలు కావలసివచ్చిరి. కూలీలు బరువులు విడిచి పాఱిపోయిరనియు, తాను కఱ్ఱ చేతబట్టి వారిని వెదకి తెచ్చితిననియు బోర్నే వ్రాసికొనెను. శిఖరములు పటములకెక్కినవి, మోసినవారి పేళ్లు ఎక్కలేదు. అయినను ఆ పటములలో ప్రతియొక్కటియు వారి మూపులమీదుగా కొండనెక్కినదే.

1888లో కోడక్ చేతిపెట్టె వెలువడిన పిమ్మట చిత్రము తీయువానికి మోతగాండ్ర యవసరము తగ్గెను. కొండదారి వేయువారి శ్రమ మాత్రము తగ్గలేదు.

ఈ విషయము మాకవరపాలెము ప్రాంతమువారికి దూరమైనది కాదు. సమీపమందలి నర్సీపట్టణమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు దారిపనిలో, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యపు జనులచేత చాలినంత కూలి యీయక నిర్బంధముగా పని చేయించెను. ఈ కష్టమును, పోడు వ్యవసాయముపై విధించిన ఆంక్షలును, 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి ఠాణాపై దాడితో నారంభమైన అల్లూరి సీతారామరాజు పితూరీకి కారణములలో చేరినవి.

నేడు శీతకాలమున మంచు చూడగోరి జనులు నర్సీపట్టణము మీదుగనే లంబసింగికేగి చిత్రములు తీసికొనుచున్నారు. అందు కొండ కలదు, మంచు కలదు, చూడవచ్చినవారును కలరు. దారి త్రవ్విన చేతులు లేవు. బోర్న్ పటమునందు వలెనే యిందును కనబడనివారే కనబడుదానికాధారము. కావున పర్వతచిత్రమును పరిశీలించు విద్యార్థికి ఉపాధ్యాయుడు శిఖరము పేరడిగిన పిదప, అచ్చటికి దారి వేసినదెవరని గూడ అడుగవలెను. ఆ రెండవ ప్రశ్నతోడనే చిత్రము చరిత్రయగును.