జైలు గుమ్మం దాటాక ఏ పని?

జైలునుంచి విడుదలైన స్త్రీలకి ఏ పని నేర్పాలి అంటే మనలో చాలామందికి వెంటనే గుర్తొచ్చేది కుట్టుమిషను. శిక్ష ముగించుకుని వచ్చిన ఒకామెతో మాట్లాడేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఆమె జైల్లోనే కుట్టు నేర్చుకుంది, బాగా కుడుతుంది. కానీ జాకెట్టు గుడ్డ పట్టుకుని ఆమె గడప తొక్కేవాళ్లు లేరు. పనితనం ఆమె చేతిలో ఉంది, నమ్మకం ఊరి చేతిలో ఉంది. పని ఇస్తూనే మనిషిని అనుమానించడం మనకి ఎప్పుడు అలవాటైందని వెతుకుతూ పోతే స్టూవర్టుపురం ఎదురైంది.

విడుదలైనవారికి పని చూపించాలన్న ఆలోచన మంచిదే. 1883లో మెల్‌బోర్న్‌లో సాల్వేషన్ ఆర్మీ కార్యకర్తలు జైలు గుమ్మం దగ్గర నిలబడి, బయటికొచ్చినవాళ్లకి బస, పని చూపించడం మొదలుపెట్టారు. అదే సంస్థ మన దేశంలో వలస ప్రభుత్వంతో చేతులు కలిపేసరికి ఆ ఆలోచన తలకిందులైంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం స్థానంలో 1911లో వచ్చిన చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. 1913లో బాపట్ల దగ్గర, మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరుమీద ఒక సెటిల్‌మెంటు వెలిసింది. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది. అక్కడికి తరలించిన ఎరుకల కుటుంబాల్లో ఏ కోర్టూ నేరస్థులని తేల్చనివాళ్లు కూడా ఉన్నారు. జైలు మొహం చూడని స్త్రీకి కూడా, పుట్టుక కారణంగా, ‘సంస్కరణ’ తప్పలేదు.

మరి అంతకుముందు ఆ స్త్రీలకి పని లేదా? ఎరుకల కుటుంబాలు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవి. స్త్రీలు బుట్టలు, తట్టలు అల్లేవారు, సోది చెప్పేవారు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్లు ఆ వ్యాపారాన్ని ఎలా దెబ్బతీశాయో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ వివరంగా చూపించారు. బతుకుతెరువు పోగొట్టిన ప్రభుత్వమే వాళ్లని కష్టపడని జాతి అంది. తర్వాత తనే పని చూపించింది, పొలాల్లో, చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో. సెటిల్‌మెంటు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని వేరుచేసే అధికారం కూడా 1911 చట్టం ఇచ్చింది. నచ్చకపోతే మానేసి వెళ్లిపోయే వీలు లేని కూలీ కంటే యజమానికి అనువైన కూలీ ఎవరు? దీన్ని ఉపాధి అనాలా, గోడల్లేని జైలు అనాలా?

ఆ చట్టం 1952లో రద్దయింది. దాని వెనకే అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి. 1970ల్లో జాషువా కుమార్తె, రచయిత్రి హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి స్టూవర్టుపురంలో పనిచేశారు. అయినా ఊరి పేరు మీద పడ్డ మచ్చ పోలేదు. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ నుంచి 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ దాకా మన సినిమాకి ఆ మచ్చే సరుకైంది. ఆ ఊరి పేరు చెప్పి పని అడగబోయే అమ్మాయి సంగతి ఆ సినిమాలకి పట్టదు.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు, జర్నలిస్టు సుకన్యా శాంత వేసిన కేసులో, జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచే నియమాలను కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్లకి కూడా పుట్టుకే ఖైదీ పనిని నిర్ణయిస్తోందని ఒక స్త్రీ ఎత్తిచూపాల్సి వచ్చింది.

అందుకే విడుదలైన స్త్రీకి ఏ పని నేర్పుదాం అన్న ప్రశ్న సగం ప్రశ్నే. ఆమెకి అంతకుముందు ఏ పని వచ్చు? కూలి ఎంతో ఎవరు నిర్ణయిస్తారు? నచ్చకపోతే మానేయగలదా? ఇవి అడక్కుండా ఇచ్చే పనిలో స్టూవర్టుపురం నీడ ఉంటుంది.

ఆమె దగ్గరికి వెళ్లినరోజు నేను నోటుబుక్కు పట్టుకెళ్లాను. గుడ్డ పట్టుకెళ్లాలని నాకూ తోచలేదు.