కోర్టు పక్క కుర్చీ

టీవీలో టెన్నిస్ చూసేవాళ్ళకి కోచ్ అంటే ఎక్కడో ప్రేక్షకుల మధ్య ముఖం బిగించుకుని కూర్చునే మనిషి. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో అలా కాదు. అక్కడ కోచ్ కోర్టులోకే వస్తుంది. ఆట ఆగిన కాస్సేపట్లో అమ్మాయి పక్కన కూర్చుని మాట్లాడుతుంది. ఆరు కోర్టుల్లో ఆరు సింగిల్స్ నడుస్తుంటే ఎవరు ఎక్కడ తడబడుతున్నారో గమనించుకుని అటు నడుస్తుంది. 'వస్తుంది', 'నడుస్తుంది' అని రాస్తున్నాను గానీ, అమ్మాయిల జట్టయినా సరే ఆ కుర్చీలో కూర్చునేది చాలా చోట్ల మగవాడే. మొదట్నుంచీ ఇలా లేదు. ఆడవాళ్ళు ఆ కుర్చీ ఎలా పోగొట్టుకున్నారో, పోయిన కాలంలోనే ఒకామె దాన్ని ఎలా సంపాదించుకుందో చెప్పుకోవాలి. ఆమె స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మహిళా టెన్నిస్ జట్టు ప్రధాన కోచ్‌గా పనిచేసిన లేలే ఫరూద్.

కథ ఆమె కంటే కాస్త ముందు మొదలవుతుంది. 1971లో అమెరికా కాలేజీల వ్యాయామ విద్య అధ్యాపకురాళ్ళు ఆడపిల్లల క్రీడల కోసం ఏఐఏడబ్ల్యూ అనే సంఘం పెట్టుకున్నారు. నాయకత్వం వాళ్ళదే, నియమాలూ వాళ్ళవే. స్కాలర్‌షిప్ తీసుకునే అమ్మాయిలు తమ పోటీల్లో ఆడకూడదన్నది అందులో ఒక నియమం. వినడానికి అన్యాయంగానే ఉంటుంది. కానీ మగపిల్లల క్రీడల్లో డబ్బు ఏం చేస్తోందో వాళ్ళు దగ్గర్నుంచి చూశారు. ఆటగాణ్ణి కొనుక్కోవడం, వాడుకోవడం, చదువు గాలికొదిలెయ్యడం తమ పిల్లలకి వద్దనుకున్నారు.

1973లో ఈ నియమం మీద దావా వేసింది మరో స్త్రీ. ఫ్లోరిడాలో మేరీమౌంట్ కాలేజీ వ్యాయామ విద్య బాధ్యతలు చూస్తున్న పీచీ కెల్‌మేయర్. ఆ కాలేజీలోనూ, బ్రోవర్డ్ కమ్యూనిటీ కాలేజీలోనూ స్కాలర్‌షిప్ మీద చదువుతున్న టెన్నిస్ అమ్మాయిలు ఆమెతో కలిసి నిలబడ్డారు. అబ్బాయిలకి దొరికేది మాకెందుకు తప్పవుతుందన్నది వాళ్ళ ప్రశ్న. చదువుల్లో లింగవివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం అప్పటికి వచ్చి ఏడాదైనా కాలేదు. సంఘం దిగివచ్చి ఆ ఏడాదే నియమం మార్చుకుంది. ఆ దావాలో ఎవరు స్త్రీల పక్షం, ఎవరు వ్యతిరేకం అని తేల్చడం నా వల్ల కాదు. డబ్బు లేకపోతే పేదింటి పిల్ల ఆడలేదన్నది కెల్‌మేయర్ మాట. డబ్బొస్తే పెత్తనం చేతులు మారుతుందన్నది ఆ అధ్యాపకురాళ్ళ భయం. రెండూ నిజమయ్యాయి.

మగవాళ్ళ కాలేజీ క్రీడల్ని ఏలుతున్న ఎన్‌సీఏఏ మొదట టైటిల్ నైన్‌ని ఎదిరించింది. 1976లో దాని నిబంధనల మీద కోర్టుకి కూడా వెళ్ళింది. చట్టం కదలదని అర్థమయ్యాక దారి మార్చి, తనే మహిళల ఛాంపియన్‌షిప్‌లు మొదలుపెట్టింది. పెద్ద కాలేజీలు అటు నడిచాయి. 1982లో ఎన్‌సీఏఏ మొదటి మహిళా టెన్నిస్ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఏఐఏడబ్ల్యూ మూతబడిందీ ఆ ఏడాదే.

బ్రూక్లిన్ కాలేజీకి చెందిన వివియన్ అకోస్టా, లిండా జీన్ కార్పెంటర్ అనే ఇద్దరు ఆచార్యులు దశాబ్దాలపాటు ఓపిగ్గా లెక్కలు కట్టారు. 1972లో కాలేజీ మహిళా జట్లలో నూటికి 90కి పైగా స్త్రీల శిక్షణలో ఉండేవి. 1978కి అది 58 అయింది. 2006లో 42. 2014లో 43. ఈలోగా ఆడే అమ్మాయిల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. అబ్బాయిల జట్లకు కోచ్‌లైన స్త్రీలు మాత్రం నూటికి ఇద్దరో ముగ్గురో. అంటే కోచ్ ఉద్యోగానికి జీతమూ గౌరవమూ వచ్చాక మగవాళ్ళు ఇటు వచ్చారు, స్త్రీలకి అటు దారి తెరుచుకోలేదు.

ఫరూద్ జీవితం సరిగ్గా ఈ మార్పుల మధ్య నడిచింది. ఆమెది ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్, బ్రోవర్డ్ ప్రాంతమే. 1970ల నడుమ స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ ఆడింది. 1978లో స్టాన్‌ఫర్డ్ జట్టు గెలిచిన కప్పు ఏఐఏడబ్ల్యూది. తర్వాత కొన్నేళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడి, 1980లలో సహాయ కోచ్‌గా పాత కాలేజీకే తిరిగొచ్చింది. అప్పుడు ప్రధాన కోచ్ ఫ్రాంక్ బ్రెనన్. సమర్థుడే, 1982 నుంచి 1999 దాకా పది టైటిళ్ళు గెలిపించాడు. ఆయన పక్కన ఆమె 13 ఏళ్ళు పనిచేసింది. కప్పుల పట్టికలో కోచ్ పేరు ఒక్కటే ఉంటుంది. ఆ పదమూడేళ్ళ పనికి పట్టికలో చోటు లేదు. సహాయకులుగా ఏళ్ళు గడిపే స్త్రీల చరిత్రంతా ఇలాంటి ఖాళీలోనే ఉంటుంది.

2000లో ప్రధాన కోచ్ పదవి ఆమెకొచ్చింది. 2001లో టైటిల్, 2002లో మరొకటి, 2004 నుంచి వరసగా మూడు, 2010లో ఇంకొకటి. 1999 నుంచి సొంత కోర్టుల్లో ఓటమి ఎరగని జట్టు, 184 విజయాల తర్వాత 2011లో అక్కడే, జాతీయ ఫైనల్లో, ఫ్లోరిడా చేతిలో 4–3తో ఓడింది. ఆఖరి మ్యాచ్ మూడో సెట్లో వెనకబడిన ఫ్లోరిడా అమ్మాయి కోలుకుని టైబ్రేక్‌లో గెలిచింది.

అసలు నాకు ఆమె గొప్పదనం కనిపించేది ఈ ఓటమి తర్వాతే. 2013లో 12వ సీడ్‌గా, 2016లోనూ 2018లోనూ 15వ సీడ్‌గా బరిలోకి దిగి ఆ జట్టు టైటిల్ గెలిచింది. మూడు ఫైనల్సూ 4–3తోనే. 2019లో పదో టైటిల్. మంచి క్రీడాకారిణులు చేరే పేరున్న కాలేజీ కాబట్టి గెలుస్తారులే అనేవాళ్ళకి 15వ సీడ్ జవాబు చెబుతుంది. మూడేసి మ్యాచ్‌లు ఓడి, మిగిలిన ఒక్క కోర్టు మీద అంతా ఆధారపడినప్పుడు ఆ అమ్మాయి పక్క కుర్చీలో ఎవరున్నారన్నది చిన్న విషయం కాదు. ఈ ఏళ్ళలో ఆమెకి సహాయ కోచ్ బ్రెనన్ గారబ్బాయి ఫ్రాంకీ.

బ్రెనన్ పది, ఫరూద్ పది. ఈ సమానత్వం చూసి సంతోషిస్తూనే ఒకటి అడగాలనిపిస్తుంది. ఆమెకి సామర్థ్యం 2000లో పుట్టుకొచ్చిందా? అదే సామర్థ్యంతో ఎంతమంది పక్క కుర్చీలోనే రిటైరై ఉంటారు? ఒక్క స్త్రీ గెలుపు కథని తలుపులన్నీ తెరుచుకున్నాయనడానికి సాక్ష్యంగా చూపించడం మనకి కొత్త కాదు. చట్టం పిల్లలకి కోర్టు ఇచ్చింది. కుర్చీ గురించి అందులో ఒక్క మాటా లేదు. ఆ మాట అడగాల్సి ఉందని మొదట గుర్తించిన అధ్యాపకురాళ్ళని కూడా, వాళ్ళ తప్పులతో సహా, మన చరిత్రలో ఉంచుకోవాలి.