సముద్రం లేని ఊరికి తుఫాను

2022 జూలై 13, బుధవారం. రాత్రి పది దాటింది. మీరు నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టు కట్ట మీద ఉన్నారు.

గాలి లేదు. తుఫాను కథలన్నీ గాలితోనే మొదలవుతాయి: కొబ్బరిచెట్లు విరగడం, రేకులు ఎగిరిపోవడం, కరెంటు స్తంభాలు ఒరగడం. ఇక్కడ అవేమీ లేవు. రోజుల తరబడి పట్టిన ముసురు మాత్రం విడవలేదు. గేట్ల కింది నుంచి దూకే నీళ్ళ రొదకు పక్క మనిషి మాట వినబడదు, చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. రెయిలింగు మీద అరచెయ్యి ఆనించి చూడండి. ఇనుము వణుకుతోంది.

లైటు పడినంత మేర ఎగువ నీళ్ళన్నీ ఎర్రమట్టి రంగు. వేళ్ళతో సహా పెకిలి వచ్చిన చెట్లు సుడి తిరుగుతూ దగ్గరికొస్తున్నాయి. ఒక దుంగ వచ్చి గేటుకు తగిలినప్పుడల్లా ఆ దెబ్బ చెవికంటే ముందు పాదాలకు తెలుస్తుంది. మొత్తం 18 గేట్లు. 17 లేచాయి, ఒకటి మొరాయించింది. ఎత్తిన గేట్లు కూడా చాలక నీళ్ళు వాటి మీది నుంచి దూకుతున్నాయి. ఈ గేట్లు బాగా తెరుచుకుంటే బయటికి వదలగలిగింది దాదాపు 3 లక్షల క్యూసెక్కులు. ఈ రాత్రి వస్తున్నది 5 లక్షలు.

"ఎంతున్నదే?"

"ఐదు లచ్చలు దాటిందట!"

లెక్క అక్కడే, ఆ వానలోనే వేసుకోండి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. 5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు ఒక కోటీ 40 లక్షల లీటర్లు. వచ్చే నీటికీ పోయే నీటికీ తేడా 2 లక్షల క్యూసెక్కులు అనుకుంటే, గంటకు 0.7 టీఎంసీ కట్టకు అవతల మిగిలిపోతుంది. ప్రాజెక్టు కట్టినప్పుడు చెప్పుకున్న మొత్తం నిల్వే 7.6 టీఎంసీలు, అదీ ఇప్పటికే నిండింది. తెల్లారడానికి ఇంకా ఏడెనిమిది గంటలుంది.

కట్ట దిగి ఊళ్ళోకి రండి. కడెం, కన్నాపూర్, దేవునిగూడెం, దిగువనున్న పల్లెలన్నీ ఖాళీ అవుతున్నాయి. ట్రాక్టర్ ట్రాలీలో బియ్యం సంచి, గ్యాసు బండ, పరుపు చుట్ట, వాటి నడుమ పిల్లలు. గోడకు చేరగిలబడిన ఒక ముసలమ్మ లేవనంటోంది.

"అవ్వా, లే. కట్ట ఆగేటట్టు లేదంటున్నరు."

"నా బర్రెను ఇడిసిపెట్టి నేను యాడికి పోవాలె బిడ్డా?"

ఆ కుర్రవాడు వాదించలేదు. కొట్టంలోకి పోయి, తడిసి బిగుసుకుపోయిన పలుపు ముడి వేళ్ళకు రాక, కొడవలితో కోసేశాడు. బర్రె రెండడుగులు వేసి ఆగింది. వీపు మీద చరిస్తే గట్టు వైపు కదిలింది. అది పోవడం చూశాకే అవ్వ లేచింది. వరద రాత్రి పల్లెను ఖాళీ చేయించడమంటే ఇదీ. మైకులో చాటింపు ఒక ఎత్తు, ఒక్కొక్క పలుపు కోయడం ఒక ఎత్తు.

ఇంత నీళ్ళు ఎక్కడివి? మ్యాపు తీసి నిర్మల్ మీద వేలు పెట్టి, తిన్నగా తూర్పుకు జరపండి. 700 కిలోమీటర్లకు కాస్త ఇటుగా ఒడిశా తీరంలో గోపాల్‌పూర్ తగులుతుంది. రెండు ఊళ్ళూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఆ వారం ఒడిశా తీరం మీద ఒక అల్పపీడనం కూర్చుంది. వర్షాకాలంలో ఉత్తర బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలు రుతుపవన ద్రోణి పట్టుకుని ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భ మీదుగా వాయవ్యంగా కదులుతాయి. వాటి వాన చుట్టూ సమానంగా పడదు. నడకకు ఎడమ పక్కన, నైరుతి భాగంలో కుండపోతగా పడుతుంది. మన ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్, మంచిర్యాల అచ్చంగా ఆ ఎడమ పక్కనే ఉన్నాయి.

పైగా గుట్టలు. బోథ్, నేరడిగొండ వైపు కొండల నుంచి దిగి, కుంతాల దగ్గర జలపాతమై దూకి, రెండున్నర వేల చదరపు కిలోమీటర్ల నీళ్ళను మోసుకొచ్చేది కడెం వాగు. వాలు ఎక్కువ. పొద్దున గుట్టల్లో పడిన వాన తీరిగ్గా రాదు, ఉరికొస్తుంది. మైదానంలో గోదావరి పొంగడానికి రోజులు పడుతుంది, కడెంకు గంటలు చాలు.

ఇంకో సంగతి. మన దగ్గర తుఫానుకు పేరు పెట్టాలంటే గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరాలి. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఈ పేర్ల పద్ధతి 2004 నుంచి ఉంది. హుద్‌హుద్ అనగానే విశాఖ గుర్తొస్తుంది, పేరు లేని 1977 నవంబర్ 19 అనగానే దివిసీమ గుర్తొస్తుంది. 1864లో బందరును ముంచిన ఉప్పెనకు ఇప్పటికీ పుస్తకాల్లో పేజీలున్నాయి. నిర్మల్‌ను ముంచేది మాత్రం ఆ 62 కిలోమీటర్ల గీతకు చాలా కింద ఉండే అల్పపీడనం. దానికి పేరుండదు, తుఫానుల జాబితాలో వరుస ఉండదు. తీరం దాటగానే బులెటిన్‌లో 'బలహీనపడింది' అంటారు. గాలి బలహీనపడుతుంది, నిజమే. నీళ్ళ సంగతి ఆ మాటలో లేదు. మా తుఫానుల చరిత్ర కావాలంటే వాతావరణ శాఖ జాబితాలు తిరగేసి లాభం లేదు, ప్రాజెక్టు మీద నీటిమట్టం రాసే రిజిస్టరు చూడాలి.

ఆ రిజిస్టరులో 2022 నుంచి 64 ఏళ్ళు వెనక్కి పోదాం. 1958 ఆగస్టు. చోటు ఇదే. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడు 1949లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళు కూడా నిండలేదు. మీరు నిలబడిన కట్ట కొత్తది, మట్టి వాసన ఇంకా పోలేదు. నిండు మట్టానికీ కట్ట తలకూ నడుమ 2.4 మీటర్ల ఎడం వదిలారు. అంత ఎత్తు నీళ్ళు ఎన్నడూ ఎక్కవని ఇంజినీర్ల నమ్మకం. నీళ్ళు ఆ ఎడమంతా ఎక్కాయి, ఇంకో 46 సెంటీమీటర్లు పైకి పోయి కట్ట మీదుగా పారాయి. మోకాలి లోతు నీళ్ళే అనిపిస్తుంది. మట్టికట్టకు మోకాలి లోతు చాలు. అవతలి వాలు మీద పడే నీళ్ళు మట్టిని కోసుకుంటూ వెనక్కి తింటాయి. ఎడమ పక్కన 137 మీటర్ల గండి పడింది. కుడి వైపు మరో రెండు.

అప్పటి వరద ఎంత? సెకనుకు 14,700 ఘనపు మీటర్లు. క్యూసెక్కుల్లోకి మారిస్తే 5 లక్షల 19 వేలు.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. 2022లో వచ్చింది 'కనీవినీ ఎరుగని వరద' అని అందరం అన్నాం, రాశాం. కనీవినీ ఎరగకపోవడమేమిటి? ఇంచుమించు అంతే వరద 1958లోనే వచ్చి, కట్టను తెంపి, కొలత కూడా వదిలిపోయింది. తర్వాత కట్టను మళ్ళీ కట్టారు, గేట్లు పెంచి ఇప్పుడున్న 18కి తెచ్చారు, 1965 నాటికి పని ముగిసింది. అయినా 5 లక్షలు చూసిన వాగుకు 3 లక్షల దారి మిగిలింది. ప్రకృతి వైపరీత్యం అనే మాట ఇక్కడ సగమే నిజం.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చైనా చూసింది. 1975 ఆగస్టులో నీనా అనే టైఫూన్ తైవాన్ దాటి ఫూచియన్ తీరం ఎక్కింది. అక్కడే బలహీనపడింది. ఆ మిగిలిన తేమ వందల కిలోమీటర్లు లోపలికి పోయి హెనాన్ రాష్ట్రంలో ఆగిపోయింది. ఒకచోట ఒక్క రోజులో 1,000 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. ఆగస్టు 8 అర్ధరాత్రి దాటాక బాన్‌చియావ్ ఆనకట్ట తెగింది. మరణాల లెక్క ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంది, 26,000 నుంచి 2 లక్షలు దాటేదాకా. ఆ ఆనకట్టకు 12 గేట్లు పెట్టమని చెన్ షింగ్ అనే జలశాస్త్ర నిపుణుడు చెబితే, అంత అక్కర్లేదని 5తో సరిపెట్టారు. సముద్రం కంటికి కనబడని చోట తుఫానును ఎదుర్కొనేది గేట్లే.

మళ్ళీ కట్ట మీదికి రండి. అర్ధరాత్రి దాటింది. ఎవరూ కూర్చోవడం లేదు. గొడుగులు పట్టుకున్నవాళ్ళూ తడిసే ఉన్నారు. అందరి చూపూ నీళ్ళు ఎంత ఎక్కాయన్న దాని మీదే. నిండు మట్టం (ఎఫ్‌ఆర్‌ఎల్) 700 అడుగులు. అప్పుడు తెగింది. కట్ట కాదు, ఎడమ కాలువ దగ్గర. గండి పడి నీళ్ళు పక్కకు దారి చేసుకున్నాయి, కట్ట మీద ఒత్తిడి తగ్గింది. మనం పెట్టని గేటును వాగే పెట్టుకుందన్న మాట. మబ్బుల నాలుగైదింటికి గుట్టల్లో వాన తెరిపిచ్చింది, వరద తగ్గుముఖం పట్టింది. 14వ తేదీ పొద్దున కట్ట ఉంది. దేవుడు కాపాడిండన్నారు ఊళ్ళోవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టలేం, ఆ రాత్రి కాపాడటానికి వేరే ఎవరూ కనబడలేదు.

ఆ నీళ్ళన్నీ గోదావరిలో కలిసి, మహారాష్ట్ర నుంచి వచ్చిన ప్రాణహిత నీళ్ళతో కూడి, 16వ తేదీకి భద్రాచలం దగ్గర 71.3 అడుగులు ఎక్కాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక అంతటి మట్టం అదే.

నిర్మల్ పట్టణం ఏమైనా తప్పించుకుందా అంటే, లేదు. కొయ్యబొమ్మలకు పేరుపడిన ఈ ఊరు ఒకప్పుడు చుట్టూ చెరువులను నమ్ముకుని బతికింది. ఒక చెరువు మత్తడి దుంకితే నీళ్ళు ఇంకో చెరువుకు పోయేవి. పల్లంలో లేచిన జీఎన్ఆర్ కాలనీ అంతకు ముందు ఏడాదే, 2021 జూలైలో, నీట మునిగి జనాన్ని పడవల్లో బయటికి తేవాల్సి వచ్చింది. నీళ్ళకు పాత దారి గుర్తుంటుంది, రిజిస్ట్రేషన్ కాగితాలు చదవడం రాదు.

కడెం కథ 2022తో ఆగితే బాగుండేది. ఏడాది దాటగానే, 2023 జూలై 27న, ఆంధ్ర–ఒడిశా తీరం దగ్గర మరో అల్పపీడనం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిన రోజు అది. మీరు మళ్ళీ అదే కట్ట మీద, అదే రెయిలింగు పట్టుకుని ఉన్నారు. వరద 4 లక్షలకు దగ్గరగా ఉంది. 14 గేట్లు లేచాయి. ఈసారి లేవనివి 4. నీళ్ళు మళ్ళీ గేట్ల మీది నుంచి దూకాయి, దిగువన పల్లెలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. అంతకుముందు ఏడాది ఒకటి, ఈసారి నాలుగు. దీన్ని తుఫాను మీదికి నెట్టడానికి నాకు మనసొప్పదు.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు మునిగింది వరంగల్, హనుమకొండ. తుఫాను తీరం దాటిందని కోస్తా ఊపిరి పీల్చుకునే వేళకు ఓరుగల్లు కాలనీల్లో నడుం లోతు నీళ్ళున్నాయి. తీరం దాటిన తుఫాను పనైపోయిందన్న అలవాటు మనకు ఇంకా పోలేదు.

అధికారులను అడగాల్సింది ఒక్కటే. ఏటా మృగశిర కార్తె రాకముందే కడెంలో 18 గేట్లూ, ఒకదాని తర్వాత ఒకటి, దిగువ పల్లెల జనం ఎదుట ఎత్తి దించి చూపాలి. లేవని గేటు ఏదో మే నెలలో తెలిస్తే అది మరమ్మతు పని, జూలై రాత్రి తెలిస్తే ఊళ్ళు ఖాళీ చేయాల్సిన పని. కన్నాపూర్‌లో, దేవునిగూడెంలో ఉన్నవాళ్ళు ఆ పరీక్ష చూస్తామని అడగండి. అడిగే హక్కు మీకుంది.