పూసలో అదృష్టం: బౌషర్ తీరం, జపాను ముత్యం

ఒమాన్ రాజధాని మస్కట్ పరిధిలోని విలాయతుల్లో బౌషర్ ఒకటి. గల్ఫ్‌కు పనికి వెళ్ళిన తెలుగువారికి ఈ పేరు కొత్త కాదు. సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు ఉన్నది ఇక్కడే. దీని తీరభాగమైన ఖురుమ్ వద్ద సముద్రంలోకి చొచ్చుకువచ్చిన రాతి కొమ్మును రాస్ అల్ హమ్రా అంటారు. ఇటాలియన్ పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ జరిపిన తవ్వకాల్లో క్రీ.పూ. నాలుగవ సహస్రాబ్దికి చెందిన మత్స్యకారుల శ్మశానం బయటపడింది. మృతుల పక్కన సముద్రపు తాబేళ్ళ ఎముకలు, గవ్వలతోనూ రాతితోనూ చేసిన పూసలు, ముత్యాలు కనిపించాయి.

ఆ పూసలను మృతులతోపాటు ఎందుకు ఉంచారో చెప్పే రాతలేవీ లేవు. అయితే పూసను కేవలం అలంకారంగా కాక రక్షగా ధరించే ఆచారం అనేక సమాజాల్లో ఉంది. పసిబిడ్డ మణికట్టుకు దిష్టి తగలకుండా కట్టే నల్లపూసలూ, పెళ్ళయిన స్త్రీ మెడలోని నల్లపూసలూ తెలుగునాట ఈ నమ్మకానికే గుర్తులు. ఈ ఆచారానికి ఎంతో సుదీర్ఘమైన చరిత్ర ఉన్న దేశాల్లో జపాను ఒకటి.

జపానులో చరిత్రపూర్వ కాలం నుంచి మగతామా అనే వంపు తిరిగిన పూసలు దొరుకుతున్నాయి. ఒక కొస లావుగా, మరో కొస సన్నగా ఉండే వీటిని జేడ్ వంటి రాళ్ళతో చెక్కి, బెజ్జం వేసి, దారానికి గుచ్చి ధరించేవారు. చక్రవర్తి అధికారానికి చిహ్నాలైన మూడు పవిత్ర వస్తువుల్లో ఖడ్గం, అద్దంతోపాటు మగతామా కూడా ఉంది. ఎదో కాలంలో (1603–1868) పూసకు మరో రూపం వచ్చింది. కిమోనోకు జేబులుండవు కాబట్టి మందులపెట్టె, పొగాకు సంచి వంటివి తాడుతో నడికట్టుకు వేలాడదీసేవారు. తాడు జారిపోకుండా పైన నెట్సుకే అనే చెక్కడపు బిళ్ళ, మూత బిగించడానికి ఒజిమే అనే పూస ఉండేవి. పగడం, లోహం, దంతం వంటి పదార్థాలతో చేసిన ఈ చిన్న పూసల మీద శిల్పులు శుభసూచకాలను చెక్కేవారు. కొంగ, తాబేలు దీర్ఘాయువుకు చిహ్నాలు. దరుమ పట్టుదలకు చిహ్నం. దరుమ అంటే బోధిధర్ముడు. దక్షిణ భారతం నుంచి చైనాకు వెళ్ళాడని ఒక సంప్రదాయం చెప్పే భిక్షువు. మెయిజీ కాలంలో పాశ్చాత్య దుస్తులతోపాటు జేబులూ రావడంతో ఒజిమే అవసరం తగ్గి, అది విదేశీ సేకర్తల చేతికి చేరింది. చేతి గొలుసుకు ఒక్కొక్కటిగా గుచ్చుకునే నేటి పూసల మీద కనిపించే కొంగ, దరుమ, చెర్రీ పువ్వు ఆ పాత శుభచిహ్నాల కోవలోనివే.

ఈ పూసలన్నీ అదృష్టాన్ని పిలిచేవే. కాని ఒక పూస మాత్రం తానే అదృష్టం మీద ఆధారపడి పుట్టేది. అది ముత్యం. వందలాది చిప్పలు తెరిస్తే గాని మంచి ముత్యం ఒకటి దొరికేది కాదు. అరబ్బు తీరాల వేలాది కుటుంబాలకు అదే జీవనాధారం. ఒమాన్‌లోని బాతినా తీరం నుంచి కూడా మనుషులు గల్ఫ్ ముత్యపు దిబ్బలకు పనికి వెళ్ళేవారు. వేసవి నెలల్లో పడవలు సాగేవి. ముక్కుకు చిమటా పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని, ఒక్క ఊపిరితో మునిగేవాడు ఒకడు; పైనుంచి తాడు లాగేవాడు ఇంకొకడు. వేటకు ముందే నాఖుదా నుంచి బయానా తీసుకోవడం వల్ల, ముత్యం దొరకని ఏడాది అప్పు మరుసటి ఏటికి మిగిలేది. ముత్యం ధరలో అతని శ్వాసతోపాటు అతని అప్పు కూడా ఉండేది.

ఆ ముత్యాలు ఎక్కువగా బొంబాయికి చేరి, అక్కడ రకాలవారీగా వేరుపడి, అమ్ముడయ్యేవి. వాటిని ఎంతగానో ఆదరించిన నగరాల్లో హైదరాబాదు ఒకటి. బస్రా ముత్యాలనే పేరుతో నిజాములు వాటిని సేకరించారు. 1995లో భారత ప్రభుత్వం కొన్న నిజాం ఆభరణాల్లో బస్రా ముత్యాల ఏడు పేటల హారం, సత్‌లడా, ఉంది. చార్మినార్ పరిసరాల్లో ముత్యాలకు బెజ్జం వేసేవారు, గుచ్చేవారు, అమ్మేవారు స్థిరపడ్డారు.

ఈ గొలుసును జపాను మార్చివేసింది. తోబా సమీపాన మికిమోతో కోకిచి 1893లో అకోయా చిప్పలో అర్ధగోళాకారపు ముత్యాన్ని పెంచి చూపాడు. తర్వాతి దశాబ్దాల్లో పూర్తి గుండ్రటి ముత్యాన్ని సాధించే పద్ధతి జపాను పరిశోధకుల చేతుల్లో రూపుదిద్దుకుంది. చిప్ప గుల్లతో గుండ్రంగా చెక్కిన చిన్న పూసను, మరో చిప్ప నుంచి తీసిన కణజాలపు ముక్కతో కలిపి, సజీవమైన చిప్పలో పెడతారు. చిప్ప దాని చుట్టూ ముత్యపు పొరలను పేరుస్తుంది. అంటే సాగు ముత్యం నడుమ ఉండేది మనిషి చెక్కిన పూసే. అదృష్టానికి వదిలేసిన పనిలో చాలా భాగాన్ని మనిషి తన చేతిలోకి తీసుకున్నాడు.

1920ల నుంచి ఈ ముత్యాలు పాశ్చాత్య విపణికి చేరాయి. అదే కాలంలో ఆర్థిక మాంద్యం కూడా వచ్చిపడింది. 1930లలో గల్ఫ్ ముత్యాల వేట కుప్పకూలింది. సాగు ముత్యాలను బహ్రెయిన్ నిషేధించినా పాత రోజులు తిరిగి రాలేదు. 1932లో ఆ దేశంలోనే చమురు దొరికింది. ఒమాన్ చమురు ఎగుమతి 1967లో మొదలైంది. ముత్యం కోసం మునిగేవాడి స్థానంలో చమురు, నిర్మాణ రంగాల కూలీ వచ్చాడు. ఆ వరుసలోనే బౌషర్ వంటి చోట్లకు తెలుగు శ్రామికులూ చేరారు. అప్పు చేసి ప్రయాణించి, ముందు ఆ అప్పు తీర్చవలసిన వారి పరిస్థితి, నాఖుదా బయానాకు కట్టుబడిన మనిషి కథకు మరీ దూరమైనది కాదు.

హైదరాబాదు మాత్రం మూతపడలేదు. గల్ఫ్ ముత్యం తగ్గాక జపాను ముత్యం, ఆ తర్వాత చైనా మంచినీటి ముత్యం అక్కడి దుకాణాలకు వచ్చాయి. ముత్యం ఎక్కడ పుట్టినా బెజ్జం వేయడం, పరిమాణం ప్రకారం ఏర్చడం, పేటగా గుచ్చడం చేతిపనులే. నగరం బతికింది ఆ నైపుణ్యం మీదే. ముత్యాన్ని కనుగొనే శ్రమ మీద మాత్రమే బతికిన గల్ఫ్ తీరానికి అటువంటి ఆసరా లేకపోయింది. రాస్ అల్ హమ్రా సమాధిలో ముత్యం ఉంచిన చేతులు దానికి ఏ అర్థం ఇచ్చాయో తెలియదు. ఆ తీరంలో దాని కోసం బతికిన వారి చివరి తరం మాత్రం దాన్ని అన్నంగా, అప్పుగా ఎరిగింది.