విమానాశ్రయం మూతపడితే: కువైట్ నుంచి రేణిగుంట దాకా పరిహారం కథ

వానకో, పొగమంచుకో, యుద్ధానికో విమానాశ్రయం మూతపడితే దారిలో చిక్కుకున్న ప్రయాణికుడికి ఏం దక్కుతుంది? ఈ ప్రశ్న మీద తెలుగులో వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే వరసలో నడుస్తాయి. 1929 నాటి వార్సా ఒడంబడికతో మొదలుపెడతాయి. 2005లో అమల్లోకి వచ్చిన యూరప్ నిబంధనలను ప్రస్తావిస్తాయి. 2010లో మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ జారీ చేసిన నియమావళి దగ్గరికి వచ్చి ఆగుతాయి. 'ప్రకృతి వైపరీత్యాలకు పరిహారం వర్తించదు' అన్న ముక్కతో ముగుస్తాయి. ఆ చివరి ముక్కను ఎవరూ మార్చలేని ధర్మంలా ఒప్పేసుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. ఎవరి తప్పో తేలితే తప్ప చిక్కుకున్నవాడికి పైసా రాదన్నది అనాదిగా ఉన్న న్యాయం కాదు. అది విమానయాన చట్టం మనకు చేసిన అలవాటు. ఆ అలవాటుకు భిన్నంగా జరిగిన పెద్ద సందర్భం ఒకటుంది. అందులో మన చిత్తూరు, కడప జిల్లాల వాళ్ళకూ పాలుంది. అయినా దాన్ని ఈ చరిత్రలో ఎవరూ కలపలేదు.

తొలి దశల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. యాత్రికులు కాలినడకన, బళ్ళ మీద తిరుపతికి వచ్చిన రోజుల్లో దారి పొడవునా సత్రాలుండేవి. ఏరు పొంగి ఆగిపోయినవాడికి అక్కడ అన్నం, తలదాచుకోను చోటు దొరికేవి. తరిగొండ వెంగమాంబ తిరుమలలో సాగించిన అన్నదానం, 1985లో ఎన్టీ రామారావు చేతుల మీదుగా తిరుమల తిరుపతి దేవస్థానం మొదలుపెట్టిన నిత్యాన్నదానం ఆ కోవలోవే. విమానయాన చట్టం మాత్రం వేరే దారిలో పుట్టింది. వార్సా ఒడంబడికను మన దేశంలో 1934 చట్టం అమల్లోకి తెచ్చింది. 1972లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2009లో మాంట్రియల్ ఒడంబడికలో చేరాం. ఎన్ని మారినా సూత్రం ఒకటే: ఆలస్యం వల్ల నష్టం జరిగితే విమాన సంస్థ చెల్లించాలి, కానీ చేయగలిగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకుంటే చెల్లించనక్కర్లేదు. విమానాశ్రయమే మూతపడ్డప్పుడు ఆ నిరూపణ ఎంత సులువో చెప్పాల్సిన పనిలేదు.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడ్డాయి. విమానాశ్రయం మూతపడింది. అప్పటికి అక్కడ లక్షన్నరకు పైగా భారతీయులున్నారు. రాయచోటి, రాజంపేట, పీలేరు, మదనపల్లె వైపు నుంచి డ్రైవర్లుగా, కూలీలుగా, ఇళ్ళల్లో పనిమనుషులుగా వెళ్ళినవాళ్ళు వారిలో ఉన్నారు. బ్యాంకులు మూతపడ్డాయి, జీతాలు ఆగిపోయాయి, దినార్ విలువ పోయింది. తర్వాత జరిగింది చాలామందికి తెలుసు. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా రెండు నెలల పాటు 488 విమానాలు నడిపి వాళ్ళను బొంబాయి చేర్చింది. 2016లో దీని మీద 'ఎయిర్‌లిఫ్ట్' అని హిందీ సినిమా కూడా వచ్చింది. సినిమాలోనూ, పత్రికల కథనాల్లోనూ కథ స్వదేశం చేరడంతో ముగిసిపోతుంది. ఒంటి మీది బట్టలతో ఇల్లు చేరిన మనిషికి ఆ తర్వాత ఏమైనా వచ్చిందా అని అవి అడగవు.

వచ్చింది. 1991 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 687వ తీర్మానం చేసింది. ఆక్రమణ వల్ల కలిగిన నష్టాలకు ఇరాక్ బాధ్యత వహించాలని అందులో తేల్చింది. ఆ బాధ్యత అమలు కోసం జెనీవాలో నష్టపరిహార కమిషన్ ఏర్పడింది. కమిషన్ క్లెయిములను ఆరు తరగతులుగా విడగొట్టింది. మనకు ముఖ్యమైనది మొదటిది, 'ఏ' తరగతి. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 లోపు కువైట్ లేదా ఇరాక్ వదిలి రావాల్సి వచ్చిన ప్రతి మనిషికీ ఒక స్థిరమైన మొత్తం ఇవ్వాలన్నది దాని సారం. ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు. ఇతర వ్యక్తిగత తరగతుల్లో ఏ క్లెయిమూ వేయనని ఒప్పుకుంటే ఆ మొత్తాలు 4,000, 8,000 డాలర్లు అయ్యేవి. 1997 ప్రాంతపు మారకం రేటు ప్రకారం 2,500 డాలర్లంటే 90 వేల రూపాయలకు దగ్గర.

ఆ పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. ఏం పోగొట్టుకున్నావు, రసీదులు ఏవి, యజమాని ఎంత బాకీ ఉన్నాడు అన్న ప్రశ్నలు 'ఏ' తరగతిలో లేవు. నువ్వు అక్కడ ఉన్నావా, ఆ తేదీల మధ్య అక్కడి నుంచి బయటపడ్డావా అన్నదొక్కటే ప్రశ్న. లక్షల క్లెయిములను ఒక్కొక్కటిగా విచారించడం అసాధ్యం కాబట్టి, దేశాల నుంచి సేకరించిన రాకపోకల వివరాలతో కంప్యూటర్‌లో సరిపోల్చి చూశారు. వ్యక్తులు నేరుగా జెనీవాకు రాసుకునే పనిలేదు. ఆయా ప్రభుత్వాలు అందరి తరఫునా క్లెయిములు సమర్పించాయి. మన దేశంలో ఈ పని విదేశాంగ శాఖ చూసింది. కమిషన్‌కు మొత్తం మీద 26 లక్షలకు పైగా క్లెయిములు అందాయి. చెల్లించింది 5,240 కోట్ల డాలర్లు. ఆఖరి చెల్లింపు 2022 జనవరిలో జరిగింది.

అదే రోజు, అదే విమానాశ్రయంలో చిక్కుకున్న మరో బృందం గతి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. లండన్ నుంచి కువైట్, మద్రాసుల మీదుగా కౌలాలంపూర్ వెళ్ళాల్సిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 149వ నంబరు విమానం సరిగ్గా ఆ తెల్లవారుజామునే కువైట్‌లో దిగింది. ప్రయాణికులు ఇరాక్ సేనలకు బందీలయ్యారు. వారిలో కొందరు తర్వాత విమాన సంస్థ మీద బ్రిటన్‌లో కేసు వేశారు. 1996 డిసెంబర్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్ళ వాదనను తోసిపుచ్చింది. వార్సా ఒడంబడిక ఇచ్చిన హక్కులే ప్రయాణికుడి హక్కులని, అది ఇవ్వని పరిహారాన్ని స్థానిక చట్టం కింద అడగడం కుదరదని తేల్చింది. ఫ్రాన్స్ కోర్టులు సంస్థను బాధ్యురాలిని చేసిన మాట కూడా చెప్పుకోవాలి. అయినా బ్రిటన్ తీర్పే ప్రపంచమంతటా ప్రమాణంగా నిలిచింది. టికెట్ చేతిలో పెట్టుకుని విమాన సంస్థ తలుపు తట్టినవాళ్ళకు విమానయాన చట్టం అడ్డుపడింది. ఏ విమాన టికెట్టూ లేకుండా ఎడారి దాటి వచ్చిన కూలీకి స్థిరమైన మొత్తం ఇవ్వడానికి మరో చట్టం దారి చూపింది.

ఈ ఉదాహరణను ఉన్నదానికన్నా పెద్దది చేయకూడదు. మొదటిది, అక్కడ నేరం చేసిన దేశం కళ్ళెదుట ఉంది. దాని చమురు ఆదాయంలోంచి డబ్బు వచ్చింది. తుపానుకు చమురు బావులుండవు. రెండోది, డబ్బు చాలా ఆలస్యంగా అందింది. 1996 డిసెంబర్‌లో ఇరాక్ చమురు అమ్మకాలు మళ్ళీ మొదలయ్యాకే చెల్లింపులు ఊపందుకున్నాయి. అప్పటికి అప్పు చేసి మళ్ళీ గల్ఫ్ వెళ్ళినవాళ్ళూ, ఊళ్ళోనే స్థిరపడ్డవాళ్ళూ ఉంటారు. మూడోది, రాకపోకల వివరాలతో సరిపోల్చే పద్ధతిలో కాగితాలు సరిగా లేనివాళ్ళు నష్టపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఈ మూడూ ఒప్పుకున్నా అసలు పాఠం చెడదు. చిక్కుకోవడమే నష్టమని గుర్తించి, రుజువుల భారం బాధితుడి మీద వేయకుండా, లక్షల మందికి ఒకే లెక్కన చెల్లించడం సాధ్యమే. ప్రపంచం ఆ పని ఒకసారి చేసి చూపించింది.

ఆ పాఠం మన విమానయాన నియమాల్లోకి రాలేదు. హైదరాబాద్ ప్రయాణికుడొకరి కేసు ఇందుకు సాక్ష్యం. 2007 డిసెంబర్‌లో ఢిల్లీలో కమ్ముకున్న పొగమంచు వల్ల ఇండిగో విమానం గంటల తరబడి ఆలస్యమైంది. ఆయన హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్తే 10,000 రూపాయల పరిహారం ఇప్పించారు. హైకోర్టు దాన్ని సమర్థించింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మంచు వల్ల జరిగిన ఆలస్యానికి సంస్థ పరిహారం కట్టనక్కర్లేదంది. ఈ తీర్పును ప్రయాణికుల ఓటమిగానే చెప్పుకుంటారు. నా లెక్కలో అది సగం నిజమే. చవక టికెట్ల సంస్థ అయినా సరే, చిక్కుకున్న ప్రయాణికుల కనీస అవసరాలు చూసే బాధ్యత నుంచి తప్పుకోలేదని అదే తీర్పు చెప్పింది. టికెట్ మీద ఢిల్లీ కోర్టుల పేరు రాసుకున్నంత మాత్రాన హైదరాబాద్ లోక్ అదాలత్‌కు విచారించే అధికారం పోదనీ చెప్పింది. ఊరు కాని ఊళ్ళో కేసు నడపలేని మనలాంటివాళ్ళకు ఈ రెండో మాట చాలా విలువైనది.

ఆ తీర్పుకు ముందే, 2010 ఆగస్టు 15 నుంచి డీజీసీఏ నియమావళి అమల్లోకి వచ్చింది. దాని ప్రస్తుత రూపం ప్రకారం, సంస్థ సరైన సమాచారం ఇవ్వకుండా విమానం రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500, 10,000 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది ఇవ్వాలి. వరద, ప్రకృతి వైపరీత్యం, అల్లర్లు, ప్రభుత్వ ఆదేశం వంటివి కారణమైతే ఇవ్వనక్కర్లేదు. ఇంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ అదే నియమావళిలో మరో వాక్యం ఉంది. అసాధారణ పరిస్థితుల వల్ల ఆలస్యమైతే భోజనం, బస వంటి సౌకర్యాలు కల్పించే బాధ్యత కూడా సంస్థకు ఉండదని అది చెబుతుంది. అసలు కష్టం వచ్చినప్పుడే అన్నం కూడా పెట్టనక్కర్లేదన్నమాట.

యూరప్‌లో దీనికి సరిగ్గా ఎదురు సూత్రం నిలబడింది. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకు గగనతలం మూతపడి ఒక ఐర్లాండ్ ప్రయాణికురాలు వారం రోజులు పోర్చుగల్‌లో ఉండిపోయింది. భోజనం, బస ఖర్చుల కింద 1,130 యూరోల దాకా అడిగింది. పరిహారం వేరు, సంరక్షణ వేరు, అగ్నిపర్వతం పేలినా సంరక్షణ బాధ్యతకు రోజుల పరిమితి గానీ డబ్బు పరిమితి గానీ లేదని 2013 జనవరిలో యూరప్ న్యాయస్థానం తీర్పిచ్చింది.

మన అనుభవం చూడండి. 2015 డిసెంబర్ వరదల్లో చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. అరక్కోణంలోని నౌకాదళ స్థావరం నుంచి ప్రయాణికులను తరలించాల్సి వచ్చింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు, 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపానుకు అదే విమానాశ్రయం మళ్ళీ ఆగింది. చిత్తూరు, పుత్తూరు, నగరి వాళ్ళు విదేశాలకు వెళ్ళాలంటే చెన్నైదే దగ్గరి దారి. వీసా గడువు ముంచుకొస్తున్న గల్ఫ్ కూలీకి విమానం తప్పితే పోయేది టికెట్ డబ్బు మాత్రమే కాదు, ఉద్యోగం కూడా.

2021 నవంబర్ 18న వానలు తిరుపతినే ముంచెత్తాయి. రేణిగుంటలో దిగాల్సిన విమానాలు వెనక్కి మళ్ళాయి. తిరుమల ఘాట్ రోడ్లు, నడక దారులు మూసేశారు. అప్పుడు దేవస్థానం రెండు పనులు చేసింది. కొండ ఎక్కలేకపోయిన భక్తులకు తిరుపతిలోని తన వసతి గృహాల్లో చోటిచ్చింది. దర్శనం టికెట్లున్నా రాలేకపోయినవారికి ఆరు నెలల్లోపు మరో తేదీన రావచ్చని చెప్పింది. వాన ఎవరి తప్పని అది అడగలేదు. విమానయాన నియమావళి తప్పించుకున్న బాధ్యతను ఒక ధార్మిక సంస్థ స్వచ్ఛందంగా మోసింది. కాకపోతే అది ఆ ఒక్క విపత్తుకు ఇచ్చిన వెసులుబాటు. ఈ రోజు విమానం రద్దయి ప్రత్యేక ప్రవేశ దర్శనం తప్పిపోయిన భక్తుడు దాన్ని హక్కుగా అడగలేడు. రేణిగుంట విమానాశ్రయంలోనే బోర్డింగ్ పాస్ చూసి శ్రీవాణి దర్శనం టికెట్లు ఇచ్చిన దేవస్థానానికి, రద్దయిన విమానం వివరం చూసి తేదీ మార్చడం కష్టమైన పని కాదు.

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పుడు ప్రభుత్వం టికెట్ ధరలకు పరిమితి పెట్టింది. సంస్థ తీవ్రంగా ఇబ్బంది పడ్డవారికి 10,000 రూపాయల వోచర్లు ప్రకటించింది. మంచిదే. కానీ అక్కడ తప్పు సంస్థదని లోకమంతా చూసింది. అదే ప్రయాణికుడు, అదే నేల మీద, అదే రాత్రంతా పడుకున్నా కారణం తుపాను అయితే ఏమీ రాదు. వ్యవస్థ మెరుగుపడిందనడానికి దీన్ని రుజువుగా చూపేవాళ్ళతో నేను ఏకీభవించలేను. తప్పు పట్టుబడ్డప్పుడు చెల్లించడం పాత సూత్రమే.

విమానాశ్రయ నిర్వాహకులను డీజీసీఏ పరిహార నియమావళి తాకనే తాకదు. ప్రయాణికుడి టికెట్‌లోంచే వసతుల అభివృద్ధి రుసుము వసూలవుతోంది. అందులో కొంత భాగం పక్కన పెడితే మూతపడ్డ రోజులకు ఒక నిధి తయారవుతుంది. కువైట్ క్లెయిముల పద్ధతిలోనే, టికెట్ వివరాలు సరిపోల్చి, రుజువులు అడగకుండా, స్థిరమైన చిన్న మొత్తాన్ని వారంలోపు ఖాతాలో వేయవచ్చు. సంరక్షణ బాధ్యతను తుడిచిపెట్టే ఆ వాక్యాన్ని నియమావళి నుంచి తీసేయాలి. దర్శనం తేదీ మార్పును దేవస్థానం శాశ్వత నియమం చేయాలి.

అంతవరకు ప్రయాణికులకు నా మనవి ఒకటే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు చేయవచ్చు. ఢిల్లీకో, ముంబైకో వెళ్ళక్కర్లేదు. వానను సాకుగా చూపి భోజనం, బస నిరాకరించిన ప్రతిసారీ రాతపూర్వకంగా కారణం అడగండి. ఖర్చుల రసీదులు దాచండి. మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళండి. మనం అడగనంత కాలం ఆ వాక్యం నియమావళిలో అలాగే ఉంటుంది.