చెరువులలో లోహాన్వేషణ

చెరువులలో లోహాన్వేషణ అనగా, లోతు తక్కువగా ఉన్న మంచినీటి చెరువులు, కుంటల అడుగున పూడికలో చేరిన లోహపు వస్తువులను మెటల్ డిటెక్టరు అనే పరికరంతో వెదకుట. ఐరోపా, అమెరికా దేశాలలో ఇది ఒక కాలక్షేపం. భారతదేశంలో ఇది కాలక్షేపంగా స్థిరపడలేదు; పైగా గుప్తనిధుల వేట అనే అపకీర్తి దీనిని వెన్నాడుతున్నది. ఈ వ్యాసం కనిగిరి ప్రాంతపు చెరువులను దృష్టిలో ఉంచుకొని, కొత్తవారు తెలుసుకొనవలసిన విషయాలను వివరిస్తున్నది.

ప్రాంతం

కనిగిరి పూర్వం నెల్లూరు జిల్లాలోని తాలూకా కేంద్రం. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. ఇది వర్షాభావ ప్రాంతం. చిన్న చెరువులు చాలావరకు వేసవిలో ఎండిపోయి, అడుగు నెర్రెలు విచ్చి, చిల్లచెట్లతో నిండి ఉంటాయి. కాబట్టి ఇక్కడ "నీటిలో వెదకుట" అనేది వర్షాల తరువాతి కొద్ది నెలలకే పరిమితం. మన్నేరుపై పామూరు మండలంలో గల మోపాడు జలాశయం పెద్దది. కనిగిరి జలాశయం అనే పేరుగలది మాత్రం ఇక్కడ లేదు; అది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం వద్ద ఉన్నది. పేరును బట్టి పొరబడేవారు తరచు కనిపిస్తారు.

పరికరం పనిచేయు విధం

పరికరపు కొసన ఉన్న తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రం కలుగుతుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే దానిలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి వలన కలిగే ప్రతిక్షేత్రాన్ని రెండవ తీగచుట్ట గ్రహించి ధ్వనిగా వినిపిస్తుంది. ఉప్పునీరు విద్యుద్వాహకం కనుక సముద్రతీరంలో వట్టి ధ్వనులు ఎక్కువ. మంచినీటిలో ఆ బాధ అంతగా లేదు. అయితే ఎర్రనేలలలో ఇనుము పాలు హెచ్చు. అందువలన ముందుగా పరికరాన్ని నేలకు అనుగుణంగా సరిచేసుకొనవలెను. ఈ పని చేయనివారికి ప్రతి అడుగులోనూ నిధి వినిపిస్తుంది!

నాణెమంత వస్తువు సాధారణంగా జానెడు లోతు వరకే తెలుస్తుంది. పది గజాల కింద ఉన్న బంగారాన్ని చూపిస్తామని అమ్మేవి మోసపు పరికరాలని గ్రహించవలెను. "రైస్ పుల్లింగ్" చెంబుల పేరిట తెలుగునాట జరిగిన మోసాలూ ఇటువంటివే. బంగారు ఉంగరానికీ, అల్యూమినియం రేకు ముక్కకూ పరికరం ఇంచుమించు ఒకే ధ్వని ఇస్తుంది. ఏది ఏదో తవ్వి చూస్తేనే తెలుస్తుంది.

మరొక విశేషం: 1992 నుండి వచ్చిన రూపాయి నాణెం అయస్కాంతానికి అంటుకొనే తుప్పుపట్టని ఉక్కుతో చేసినది. ఇనుమును వడగట్టే అమరికలో పరికరం ఇట్టి నాణేన్ని మేకుతో పాటు విడిచిపెట్టవచ్చును. ఇదే గుణం మరొకచోట ఉపకరిస్తున్నది. గోదావరి, కృష్ణా రేవులలో భక్తులు వేసిన నాణేలను పిల్లలు తాడుకు కట్టిన అయస్కాంతంతో పైకి లాగుతారు. తెలుగువారి అసలైన జల లోహాన్వేషణ ఇదే అనవచ్చును. పాత ఇత్తడి, రాగి, అల్యూమినియం నాణేలు మాత్రం ఆ అయస్కాంతానికి అంటవు.

వెదకు విధానం

మోకాలి లోతు దాటకుండా ఆరంభించుట మేలు. తీగచుట్టను అడుగుకు దగ్గరగా, తాకకుండా, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ, ముందరి వరుసను కొంత కలుపుకొంటూ సాగవలెను. ధ్వని వచ్చినచోట బురదను జల్లెడలోకి ఎత్తి నీటిలోనే కడుగుతారు. స్నానపు మెట్లు, చాకిరేవులు, పశువులు దిగే బాట అనుకూలమైన తావులు. వినాయక నిమజ్జనం జరిగే మూల ఇనుప చువ్వలు, మేకులతో నిండి ఉంటుంది; అక్కడ కాళ్ళకు గట్టి చెప్పులు తప్పనిసరి.

ప్రమాదాలలో మొదటిది గుంటలు. ఇటుకలకు, పొలాలకు మట్టి తవ్వుకొన్న గోతులు నీరు నిండాక కనపడవు. మొలలోతు అనుకొన్నచోట హఠాత్తుగా నిలువులోతు వస్తుంది. ఈత వచ్చినవారు సైతం బురదలో చిక్కుకొంటారు. కర్రతో లోతు చూడకుండా, తోడు లేకుండా దిగరాదు. రైతుల మోటార్లకు వెళ్ళే విద్యుత్ తీగలు నీటిలో పడి ఉండే అవకాశమూ ఉన్నది.

కట్ట, తూము, కలుజు, కట్టమీది గ్రామదేవత రాళ్ళ చెంత తవ్వడం ఎంతమాత్రం తగదు. కట్టలో ఒక చిన్న గొయ్యి వానకాలంలో గండిగా మారితే ఆయకట్టు మొత్తం పోతుంది.

చట్టం

పూర్వపు దానశాసనాలలో గ్రామాన్ని అష్టభోగాలతో ఇచ్చినట్లు వ్రాసేవారు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనునవి ఆ ఎనిమిది. అనగా భూమిలో దొరికిన ధనంపై హక్కు దానగ్రహీతకు చెందేది.

నేడు వర్తించునది 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం. నేలలో దాగియున్న వస్తువు విలువ 10 రూపాయలు మించితే, దొరికినవారు దాని స్వరూపం, విలువ, దొరికిన చోటు, తేదీ తెలుపుతూ కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. వస్తువును ఖజానాలో అప్పగించవలెను, లేదా పూచీ ఇవ్వవలెను. కలెక్టరు ప్రకటన ఇచ్చి, 4 నెలలకు తక్కువ కాకుండా, 6 నెలలకు మించకుండా విచారణ తేదీ నిర్ణయిస్తారు. నిధికి యజమాని లేడని తేలి, స్థలం యజమాని హక్కు కోరితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు వస్తుంది. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదవ వంతు కలిపి చెల్లిస్తుంది. తెలుపకుండా దాచినవారు తమ వాటా కోల్పోవుటయే గాక, ఏడాది వరకు జైలుశిక్షకు గాని, జరిమానాకు గాని, రెంటికీ గాని పాత్రులవుతారు. చట్టప్రకారం చెప్పినవారికి ముప్పాతిక భాగం దక్కే అవకాశం ఉన్నదన్న సంగతి మన గ్రామాలలో చాలామందికి తెలియదు. భయపడి దాచి, చివరకు అంతా పోగొట్టుకొంటారు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలు, విగ్రహాలు మొదలైనవాటిని విదేశాలకు పంపరాదు. లైసెన్సు లేక వాటి వ్యాపారం చేయరాదు. రక్షిత స్థలాలలో అనుమతి లేని తవ్వకం నేరం. చెరువు గర్భం సాధారణంగా ప్రభుత్వ పోరంబోకు కనుక, ముందుగా పంచాయతీ, రెవిన్యూ, జలవనరుల అధికారుల అనుమతి కోరవలెను.

పూర్వపు ఉదంతాలు

1786లో నెల్లూరు సమీపాన ఒక రైతు నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వగా చిన్న ఆలయపు శిథిలాలు, వాటి కింద కుండలో క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిని పాత బంగారం క్రింద అమ్మగా చాలా భాగం కరిగిపోయింది. ముప్పైకి పైగా మాత్రం నవాబు వద్దకు చేరి మిగిలాయి. అప్పటికి చట్టమూ లేదు, మ్యూజియమూ లేదు.

చెరువుల అడుగున చరిత్ర దొరుకుతుందనడానికి స్విట్జర్లాండులోని లా తెన్ నిదర్శనం. 1857లో నూషతెల్ సరస్సు నీరు తగ్గినపుడు అక్కడ ఇనుపయుగపు ఆయుధాలు కనబడి, ఆ సంస్కృతికే ఆ ఊరి పేరు వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లోని కమ్రునాగ్ సరస్సులో భక్తులు నేటికీ నాణేలు, నగలు సమర్పిస్తారు. అవి దేవునివని నమ్మి అక్కడివారు వాటిని తీయరు.