ఆటగాణ్ణి ఎంచేది ఎవరు? గ్యాలరీవాళ్ళా, ఆఫీసువాళ్ళా?

ఫుట్‌బాల్ సీజన్ అయిపోయి కొత్తది మొదలయ్యేలోపు కొన్ని నెలలు ఆట ఉండదు గానీ వాదన మాత్రం ఉంటుంది. ఎవర్ని వదిలేశారు, ఎవర్ని తెచ్చారు, ఆ డబ్బుకు ఇంకెవరొచ్చేవాళ్ళు అని. బెంగళూరులో మన పిల్లలు నీలం జెర్సీ వేసుకుంటారు. హైదరాబాదులో ఉన్న చుట్టాల పిల్లలు నిన్నమొన్నటిదాకా పసుపు జెర్సీ వేసుకున్నారు. పెళ్ళిలో కలిసినా ఇదే మాట. చివరికి ఎవరో ఒకరు తేల్చేస్తారు: "ఆ మేనేజ్‌మెంట్ కంటే మనమే నయం రా!"

ఈ మాటలో నిజమెంతో మన దేశ ఫుట్‌బాల్ చరిత్రలోనే వెతికి చూద్దాం. కుటుంబ చరిత్ర రాసుకునే చోట ఫుట్‌బాల్ ఎందుకంటారా? దక్షిణాది నుంచి కలకత్తాకు వెళ్ళిన ఆటగాళ్ళదీ వలస కథే. వాళ్ళల్లో మన భాషవాళ్ళూ ఉన్నారు.

1946-47 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో మైసూరు జట్టు బెంగాల్‌ను ఓడించింది. బెంగళూరులో ఎలాంటి ఆటగాళ్ళున్నారో దేశానికి తెలిసింది. కలకత్తా క్లబ్బులకు ఆ సంగతి అంతకు ముందే తెలుసు. 1949 నాటికి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ముందు వరసలో ఐదుగురు కుదిరారు: అహ్మద్ ఖాన్, ధనరాజ్, వెంకటేశ్, సాలే, అప్పారావు. అహ్మద్ ఖాన్, ధనరాజ్ బెంగళూరువాళ్ళు. సాలే కేరళవాడు. అప్పారావు తెలుగువాడు. క్లబ్బు పేరులోనే బెంగాల్ ఉంది, ఆ ఐదుగురిలో బెంగాలీ మాత్రం ఒక్కడూ లేడు. అయినా కలకత్తా జనం వాళ్ళను పంచ పాండవులని పిలుచుకున్నారు.

ఆ ఒక్క 1949లోనే ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగు, ఐ.ఎఫ్.ఏ. షీల్డు, రోవర్స్ కప్పు మూడూ గెలిచింది. షీల్డు వరసగా మూడేళ్ళు, 1951 దాకా, వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. 1951, 1952లో డ్యూరాండ్ కప్పు కూడా వాళ్ళదే.

ఈ ఐదుగురినీ ఒక్క వేసవిలో తెచ్చినవాళ్ళు లేరు. అప్పారావు, సాలే కొన్నేళ్ళు ముందే వచ్చారు, మిగతావాళ్ళు తర్వాత చేరారు. దక్షిణాది ఆటగాళ్ళను పట్టి తేవడంలో క్లబ్బు పెద్ద జ్యోతిష్ చంద్ర గుహకు గొప్ప పేరుంది. అభిమాని చూసేది ఒక ఆటగాణ్ణి. "వీడు బాగా ఆడతాడు, తీసుకోండి" అంటాడు. అది తప్పేమీ కాదు. వీడి పక్కన ఎవరుంటే వీడి ఆట ఇంకా బాగుంటుందన్నది వేరే లెక్క. ఆ లెక్క తేలడానికి ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఆగే ఓపిక గ్యాలరీకి ఉండదు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ లాంటివి సభ్యుల క్లబ్బులు. కార్డు ఉన్న సభ్యులు ఓటేసి కమిటీని ఎన్నుకునేవాళ్ళు. అంటే నిన్న గ్యాలరీలో అరిచినవాడు రేపు కమిటీలో కూర్చోవచ్చు. అందుకే అక్కడ "మనం, వాళ్ళు" అన్న గీత ఇప్పటంత గట్టిగా ఉండేది కాదు.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. సిటీ పోలీస్ జట్టును తయారు చేసిందీ ఆయనే. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కుర్రవాడు జట్టులో చేరితే దొరికేది పెద్ద మొత్తం కాదు, పోలీసు ఉద్యోగం.

రహీం గారి తీర్పు ఎలాంటిదో 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ చెబుతుంది. జర్నైల్ సింగ్ డిఫెండర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి రహీం గారు ముందు వరసలో ఆడించారు. ఏ అభిమానినైనా ఆ రోజు అడిగి ఉంటే ఇది పిచ్చిపని అనే ఉండేవాడు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం తెచ్చుకుంది. రోజూ ప్రాక్టీసులో పక్కనే ఉన్నవాడికి తెలిసేవి కొన్ని ఉంటాయి. అవి టికెట్ కొని చూసేవాడికి కనిపించవు.

అభిమానులు చూడని చోట వెతికి గెలిచిన కమిటీలూ ఉన్నాయి. 1980లో ఈస్ట్ బెంగాల్ పేరున్న ఆటగాళ్ళు గుంపుగా క్లబ్బు వదిలిపోయారు. చాలామంది మహమ్మడన్ స్పోర్టింగ్‌కు వెళ్ళారు. క్లబ్బు పని అయిపోయినట్టే కనిపించింది. అప్పుడు కమిటీవాళ్ళు అలీగఢ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇరాన్ కుర్రాళ్ళు మజీద్ బిష్కర్, జంషిద్ నసీరిలను తెచ్చారు. వాళ్ళకు తోడుగా మన హైదరాబాదు మహమ్మద్ హబీబ్ వచ్చాడు. హబీబ్ అప్పటికే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడినవాడు. ఉద్యోగం పెట్టుకోకుండా ఆట మీదే బతికినవాడని పేరు. ఆ ఏడాది ఫెడరేషన్ కప్పు ఫైనల్ తేలక ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ కలిసి పంచుకున్నాయి. 2019లో మజీద్ మళ్ళీ కలకత్తా వస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు.

ఇంతవరకూ చూస్తే ఆఫీసువాళ్ళదే పైచేయి అనిపిస్తుంది. కానీ మన కళ్ళ ముందు జరిగిన హైదరాబాద్ ఎఫ్‌సీ కథ రెండు వైపులా కోస్తుంది.

2019-20లో, మొదటి సీజన్‌లో, ఆ జట్టు 10 పాయింట్లతో ఆఖరున నిలిచింది. మధ్యలోనే కోచ్‌ను తీసేశారు. తర్వాత బెంగళూరువాళ్ళకు బాగా తెలిసిన ఆల్బర్ట్ రోకాను తీసుకున్నారు. సీజన్ మొదలుకాకముందే ఆయన బార్సిలోనాకు వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలో మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి, అప్పటికి పెద్ద పేరు లేని కుర్రాళ్ళను ఆడించాడు. 2021లో క్లబ్బు బార్తొలొమ్యూ ఒగ్బెచేను తెచ్చింది. అప్పుడు అతనికి 36 ఏళ్ళు. వయసు విని పెదవి విరిచేవాళ్ళే ఎక్కువుంటారు. అతను ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ కప్పు తెచ్చుకుంది.

మరో రెండేళ్ళకు అదే జట్టు 22 మ్యాచుల్లో ఒక్కటి గెలిచి మళ్ళీ ఆఖరున పడింది. ఆటగాళ్ళకు బాకీలు పడితే ఫిఫా కొత్త సంతకాలు ఆపేసింది. ఉన్న మంచివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎవర్ని తేవాలన్న వాదనకే అర్థం లేకుండా పోయింది. చివరికి 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఒగ్బెచేను ఎంచినప్పుడు ఆఫీసు గెలిచింది. జీతాల పద్దు దగ్గర అదే ఆఫీసు ఓడింది. ఆ పద్దు అభిమానికి ఎవరూ చూపించలేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా పనిలో రోజూ చూసేదే ఇది. ఎక్కడ నొప్పి పుడుతుందో వాడేవాడికి మాకంటే ముందే తెలుస్తుంది. ఆ నొప్పి ఎందుకో, ఏం మారిస్తే పోతుందో చెప్పమంటే అతను చెప్పేది చాలాసార్లు కుదరదు. అలాగని అతని ఫిర్యాదు తీసిపారేస్తే మునిగేది మేమే. అభిమాని మాట కూడా అంతే. "డిఫెన్స్ బాగాలేదు" అంటే నమ్మాలి. "ఫలానావాణ్ణి కొనండి" అంటే ఆలోచించాలి.

అభిమానులే స్పష్టంగా గెలిచిన చోటు ఒకటుంది. అది సంతకాల సంగతి కాదు. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు ఏటీకేతో కలిశాక పేరు ముందు ఏటీకే చేరింది. 1889 నాటి క్లబ్బు పేరు ముందు ఇంకో పేరేంటని జనం మూడేళ్ళు గొడవ చేశారు. 2023 మార్చి 18న మన బెంగళూరును ఓడించి కప్పు గెలిచిన రోజే యజమాని ఆ మూడక్షరాలు తీసేస్తున్నట్టు ప్రకటించాడు. పేరు ఎవరిదన్న విషయంలో ఆఫీసు లెక్క తప్పింది, గ్యాలరీ లెక్కే నిలిచింది.

మోహన్ బగాన్‌వాళ్ళు అడిగితే వినక తప్పలేదు, ఎందుకంటే వాళ్ళ వెనక వందేళ్ళు దాటిన సభ్యత్వం ఉంది. హైదరాబాదువాళ్ళకు అలాంటిది లేదు. అప్పారావు వెళ్ళినప్పుడు, హబీబ్ వెళ్ళినప్పుడు వాళ్ళ ఊళ్ళను ఎవరూ అడగలేదు. కొన్న ఊరిలోనే వాదనంతా నడిచింది. సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ చివరిసారి గెలిచింది 1965-66లో. తర్వాత ఏ తెలుగు రాష్ట్రానికీ అది రాలేదు. ఊరు వదిలి ఇంకోచోట స్థిరపడ్డ కుటుంబాలకు ఇది కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మనవాడు పైకొచ్చాడని సంతోషిస్తాం, ఇక్కడ ఖాళీ అయిన చోటు సంగతి మాట్లాడం.

అందుకని వచ్చే వేసవిలో ఎవర్ని కొనాలని కొట్టుకున్నా తప్పులేదు, అదో సరదా. దానితోపాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగడం అలవాటు చేసుకుందాం. జీతాలు ఇస్తున్నారా? ఈ జట్టు వచ్చే ఏడాది ఈ ఊళ్ళోనే ఉంటుందా? ఈ రెండూ అడగడానికి ఆట గురించి మేనేజ్‌మెంట్ కంటే ఎక్కువ తెలిసి ఉండాల్సిన అవసరం లేదు.